డీజిల్‌కూ ఓ ఊరుంటుంది

గౌతమీ గోదావరి ఒడ్డున యానాం ఉంది. ఏ దిక్కుకు నాలుగడుగులు వేసినా ఆంధ్రప్రదేశే. వాళ్ల మాట తెలుగు, వంట తెలుగు, పండగలు తెలుగు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండడం వల్ల ఇవాళ అది పుదుచ్చేరిలో భాగం. ఆ చరిత్ర బడిపిల్లలకు పాఠంలో గుర్తొస్తుందేమో గానీ, బండి ఉన్నవాడికి మాత్రం బంకు దగ్గర గుర్తొస్తుంది. 2022 నుంచి 2024 దాకా చూసుకుంటే, పక్కనే ఉన్న ఆంధ్ర బంకులతో పోలిస్తే యానాంలో లీటరు డీజిల్ పది రూపాయలకు పైగా తక్కువ. నేల అదే, నది అదే, దారి అదే. గీత దాటితే ధర మారుతుంది. చుట్టుపక్కల ఊళ్ల ఆటోలు, ట్రాక్టర్లు, లారీలు ఆ గీతను వెతుక్కుంటూ వస్తాయి.

ఊరి పేరు కొడితే ఆ పూట అక్కడి డీజిల్ ధర చెప్పే యాప్‌లు నా ఫోన్‌లో రెండు మూడు ఉన్నాయి. నాకు లారీ లేదు. మా ఇంట్లో ఉంది. మా చిన్నాన్న పది టైర్ల బండి ఒకటి నడుపుతాడు. ఆ బండి వెళ్లే దారిలోని ఊళ్ల ధరలు చూస్తూ చూస్తూ, వెళ్లని ఊళ్లవి కూడా చూడడం నాకు అలవాటైంది. ఆదిలాబాద్‌లో ఎంత, చింతూరులో ఎంత, హోసూరులో ఎంత, బళ్లారిలో ఎంత. పైకి చూస్తే అవి ఒట్టి అంకెలు. కాస్త నిలిచి చూస్తే ఒక్కో అంకె వెనక ఒక రిఫైనరీ, ఒక డిపో, ట్యాంకరు నడిచిన దూరం, ఢిల్లీలో ఒక నోటిఫికేషన్, రాష్ట్ర రాజధానిలో ఒక జీవో కనిపిస్తాయి. ఇంత చిన్న తెర మీద ఇంత పెద్ద పాలన కనిపించే చోటు నాకు ఇంకొకటి తెలియదు.

నా చిన్నప్పుడు డీజిల్ ధర అంటే రాత్రి వార్తల్లో వినే మాట. అర్ధరాత్రి నుంచి పెంపు అని వినగానే బంకుల ముందు బండ్లు బారులు తీరేవి. ప్రభుత్వం ధర నిర్ణయించే ఆ పాత పద్ధతిని 2002 ఏప్రిల్ 1న కాగితం మీద రద్దు చేశారు. నిజంగా పట్టు వదలడానికి చాలా ఏళ్లు పట్టింది. 2010 జూన్‌లో పెట్రోలును, 2014 అక్టోబరులో డీజిల్‌ను మార్కెట్‌కు వదిలారు. ఆ తర్వాత నెలకు రెండుసార్లు, ఒకటో తేదీనా పదహారో తేదీనా ధర మారేది. 2017 మే 1న అయిదు ఊళ్లలో రోజువారీ ధర పెట్టి చూశారు. ఆ అయిదింటిలో మన విశాఖపట్నం ఒకటి. ఉదయ్‌పూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్, పుదుచ్చేరి మిగతావి. జూన్ 16 నుంచి దేశమంతా అదే పద్ధతి. మొదట అర్ధరాత్రి మార్చాలనుకున్నారు. ఆ వేళ బంకులో నిలబడి మీటర్లు ఎవరు మారుస్తారని డీలర్లు పట్టుబట్టాక ఉదయం ఆరు గంటలకు స్థిరపడింది.

రోజూ మారే ధరను రోజూ తెలుసుకునే దారి కూడా అప్పుడే కావలసి వచ్చింది. ఆర్‌ఎస్‌పీ అని కొట్టి, పక్కన బంకు డీలరు కోడ్ రాసి ఎస్సెమ్మెస్ పంపితే ధర తిరిగి వచ్చేది. స్మార్ట్ ఫోన్ లేని డ్రైవర్లకు అది పెద్ద ఆసరా. చమురు కంపెనీల యాప్‌లు వచ్చాయి. మ్యాపులో బంకు మీద వేలు పెడితే ధర తెలుస్తుంది. ఆ తర్వాత బయటివాళ్లు చేసిన వెబ్‌సైట్లు, యాప్‌లు పుట్టలు పుట్టలుగా పుట్టాయి. దేశంలో ఏ మూల బంకుకైనా ఆ రోజు ధర ఇంత అని ఆ బంకు పేరుతో సహా చెప్పగల వ్యవస్థ మనకుంది. ఇది చిన్న విషయం కాదు. చాలా దేశాల్లో ఈ సమాచారం కోసం సర్వేలు చేస్తారు.

అయితే ధర చెప్పడం వేరు, ఆ ధర ఎందుకంత అయిందో చెప్పడం వేరు. నా పేచీ అంతా ఇక్కడే.

లీటరు డీజిల్ ధరను విప్పి చూద్దాం. అడుగున కంపెనీ డీలరుకు అమ్మే ధర ఉంటుంది. రవాణా ఖర్చు అందులోనే కలుస్తుంది. దానిపైన కేంద్రం ఎక్సైజ్ సుంకం. ఇది లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది, శ్రీనగర్ అయినా శ్రీకాకుళం అయినా ఒకటే. తర్వాత డీలరు కమిషన్. అన్నిటి మీదా రాష్ట్రం వేసే వ్యాట్. ఇది ఎక్కువ రాష్ట్రాల్లో శాతం లెక్క. పెట్రోలు, డీజిల్ ఇంకా జీఎస్టీ కిందికి రాలేదు కాబట్టి ఎవరి రేటు వారిది.

ఎక్సైజు, కమిషన్ అన్నీ కలిపి 75 రూపాయలు పడిన లీటరు ఒకటి తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ 22.25 శాతం, అంటే 16 రూపాయల 69 పైసలు. దాని మీద లీటరుకు 4 రూపాయలు అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు. మొత్తం 96.69 అవుతుంది. అదే లీటరు తెలంగాణలో 27 శాతం వ్యాట్‌తో 95.25. కర్ణాటకలో 2024 జూన్‌కు ముందు 14.34 శాతం ఉండగా 85.76 అయ్యేది, ఆ జూన్‌లో 18.44 శాతానికి పెంచాక 88.83 అయింది, 2025 ఏప్రిల్‌లో 21.17 శాతానికి తీసుకెళ్లాక 90.88కి చేరింది. మూడు రాష్ట్రాల బంకుల దగ్గర ఆ కాలంలో కనిపించిన ధరలు ఈ లెక్కకు దాదాపు అతుకుతాయి. రవాణా దూరాన్ని బట్టి పైసల్లో, కొన్ని చోట్ల రూపాయల్లో అటూ ఇటూ అవుతుంది.

ఈ లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కూడికలు గుణకారాలు చాలు. ఇండియన్ ఆయిల్, పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్ ఢిల్లీ ధరకు ఇలాంటి విడివిడి పట్టిక ప్రచురిస్తాయి. బాగుంది. కానీ నరసరావుపేట రైతుకు ఢిల్లీ పట్టిక ఏం చెబుతుంది? తన లీటరులో తన రాష్ట్రం వాటా ఎంతో, దూరం వాటా ఎంతో తన ఊరి పేరు కొట్టినప్పుడు కనిపించాలి. నేను చూసిన యాప్‌లన్నీ చివరి అంకె మాత్రమే చూపించి ఆగిపోయాయి.

దూరం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2024 అక్టోబరు చివర్లో చమురు కంపెనీలు డీలర్ల కమిషన్ పెంచుతూ, రాష్ట్రం లోపలి రవాణా ఖర్చు లెక్కలను కూడా సవరించాయి. దాంతో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కలిమెల లాంటి చోట్ల లీటరుకు నాలుగు రూపాయలకు పైగా తగ్గింది. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా వైపు కూడా తగ్గింది. కలిమెల మన భద్రాచలం, చింతూరు అడవులకు ఆవల ఉన్న సీమ. అంటే అంతకుముందు అన్నేళ్లూ ఆ గిరిజన గ్రామాల వాళ్లు డిపోకు దూరంగా పుట్టినందుకు ప్రతి లీటరుకూ అంత కట్టారన్నమాట. రాజధాని ధర ఒక్కటే చూసేవాడికి ఆ నాలుగు రూపాయలు ఏనాటికీ కనపడవు. పేపర్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖ ధరలు వేస్తారు. టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లోనూ అవే. సగటు ధరతో ఏ బండీ నడవదు. ట్యాంకులో పడేది ఫలానా ఊరి, ఫలానా బంకు డీజిలే.

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లే లారీని తీసుకోండి. తెలంగాణలో బయలుదేరుతుంది. తుంగభద్ర దాటగానే కర్నూలు. డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటకలో బాగేపల్లి. మొత్తం 570 కిలోమీటర్ల దారిలో మూడు రాష్ట్రాలు, మూడు వ్యాట్‌లు. లోడు మీద బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే ఒకవైపుకు 140 లీటర్ల పైన, రానూ పోనూ 285. ట్యాంకు 350 లీటర్లు పడితే బెంగళూరు దగ్గర నింపుకుని హైదరాబాద్ వచ్చి మళ్లీ బాగేపల్లి చేరవచ్చు. 2024 రెండో సగంలో ఉన్న లీటరుకు దాదాపు 8 రూపాయల తేడాతో లెక్కిస్తే ట్రిప్పుకు 2,200 రూపాయలు మిగులు. టోల్, డ్రైవరు బత్తా, టైర్ల అరుగుదల, ఫైనాన్స్ కిస్తీ పోను ఓనరు చేతికి మిగిలేది ఎంతో తెలిసినవాళ్లకు ఆ 2,200 విలువ చెప్పక్కర్లేదు.

మా చిన్నాన్నకు ఈ లెక్క నోటికొచ్చు. ఫోన్‌లో యాప్ తెరిచి బాగేపల్లి ధర చూపించబోతే నవ్వేవాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఎక్కడ కొట్టించాలో బండికే తెలుసు. నీ యాప్ నాకు ఒక్కటి చెప్పాలి. లోడు ఒప్పుకున్న రోజు రేటెంత, దించిన రోజు రేటెంత, ఆ తేడా ఎవడిస్తాడు?"

ఆ ప్రశ్న నా బుర్రలోంచి పోలేదు.

2022 మార్చి 22న మొదలై ఏప్రిల్ 6 దాకా, 16 రోజుల్లో 14 సార్లు డీజిల్ పెరిగింది. మొత్తం లీటరుకు 10 రూపాయలు. మార్చి మూడో వారంలో కిరాయి మాట్లాడుకుని ఉత్తరాదికి బయలుదేరిన బండి తిరిగొచ్చేసరికి ట్యాంకు ఖర్చు పదోవంతు పైన పెరిగింది. కిరాయి మాత్రం బయలుదేరిన నాటిదే. పెద్ద కంపెనీలతో ఏడాది కాంట్రాక్టులున్న ట్రాన్స్‌పోర్టు సంస్థల ఒప్పందాల్లో, డీజిల్ ఇంత పెరిగితే కిరాయి ఇంత పెంచాలనే షరతు తరచూ ఉంటుంది. ఒకటి రెండు బండ్లున్నవాడు బ్రోకరు ఫోన్‌లో చెప్పిన కిరాయికి ఎత్తుతాడు. వాడికి ఏ షరతూ ఉండదు. ధర పెరిగిందని బ్రోకరుతో అంటే, ఇష్టమైతే ఎత్తు లేకపోతే వెనకాల ఇంకో బండి ఉందంటాడు. మన దేశంలో సరుకు లారీల్లో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న ఓనర్లవే. చమురు మార్కెట్ ఎగుడుదిగుళ్లను దేశంలో అందరికన్నా తక్కువ మోయగలిగినవాడి మీద వేశాం. అది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ చిక్కును అమెరికా వాళ్లు ఒక మామూలు అంకెతో చాలావరకు విప్పుకున్నారు. అక్కడి ఎనర్జీ ఇన్ఫర్మేషన్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ 1994 నుంచి ప్రతి సోమవారం ఉదయం నాటి డీజిల్ ధరలను బంకుల నుంచి సేకరించి, ప్రాంతాలవారీగా సగటు కట్టి ప్రకటిస్తుంది. తూర్పు తీరం, మధ్య పశ్చిమం, గల్ఫ్ తీరం, రాకీ పర్వతాలు, పశ్చిమ తీరం అని అయిదు ప్రాంతాలు. తూర్పు తీరాన్ని మళ్లీ మూడుగా విడదీస్తారు. కాలిఫోర్నియాను విడిగా కూడా చూపిస్తారు. ఆ అయిదు ప్రాంతాల విభజన రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, ఇంధనాన్ని పంచడానికి గీసుకున్నది. యుద్ధం ముగిసి ఇన్నేళ్లయినా ఆ గీతలు లారీల కిరాయి లెక్కల్లో బతికే ఉన్నాయి.

సరుకు పంపేవాడూ లారీవాడూ ఒప్పందంలో ఒక మూల ధర రాసుకుంటారు. గ్యాలనుకు రెండున్నర డాలర్లు అనుకుందాం. బండి గ్యాలనుకు ఆరు మైళ్లు ఇస్తుందని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఫలానా ప్రాంతపు సోమవారం ధర 3 డాలర్ల 70 సెంట్లు పలికితే తేడా డాలరు 20 సెంట్లు. ఆరుతో భాగిస్తే మైలుకు 20 సెంట్లు అదనం. ధర దిగితే అదనమూ దిగుతుంది. బతిమాలుకోవడం లేదు, అరుచుకోవడం లేదు. ఆ అంకె ఇద్దరిలో ఎవరిదీ కాదు కాబట్టి ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆ ధరలను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల బిల్లింగులోనే కలిసిపోయి ఉంటుంది. ప్రభుత్వం ఆ గణాంకాలను ఎవరైనా తమ ప్రోగ్రాములోకి నేరుగా తెచ్చుకునేలా ఉచితంగా తెరిచి ఉంచింది. పాత ధరలన్నీ వారం వారం లెక్కన మొదటి నుంచీ ఉన్నాయి. 1990లలో ఒక సోమవారం గల్ఫ్ తీరంలో డీజిల్ ఎంతో ఇవాళ ఎవరైనా చూడొచ్చు.

మన దగ్గర వాళ్ల కన్నా నిక్కమైన సమాచారం ఉంది. వాళ్లది వారానికోసారి కొన్ని వందల బంకుల నుంచి తీసిన సగటు. మనది రోజుకోసారి, బంకుకు ఒకటి. అయినా ఆ అంకెను కిరాయి ఒప్పందానికి పెద్దమనిషిగా నిలబెట్టుకోలేకపోయాం. నిన్నటి ధర ఇవాళ యాప్‌లో ఉండదు. ఆర్నెల్ల కింద ఫలానా తేదీన గుంతకల్లులో ధర ఎంతని అడిగితే చెప్పే చోటు దొరకదు. మెట్రో నగరాల పాత ధరలు దొరుకుతాయి, చిన్న ఊళ్లవి గాలికి పోయాయి. బయటివాళ్ల వెబ్‌సైట్లు జిల్లా పేరు పెట్టి ఒక అంకె చూపిస్తాయి గానీ అది ఏ బంకుదో, ఏ నాటిదో రాయవు. తేదీ లేని ధర, ఊరు లేని ధర ఎవరి వాదనకూ సాక్ష్యంగా నిలబడదు.

రోజువారీ ధర అన్నాం గానీ, 2022 మే నెలలో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజు 6 రూపాయలు తగ్గించాక, 2024 మార్చిలో చమురు కంపెనీలు ధర 2 రూపాయలు తగ్గించే దాకా, మధ్యలో దాదాపు రెండేళ్లు బంకు ధర చాలా చోట్ల కదలలేదు. ఆ కాలంలో మనం కొనే ముడి చమురు 2022 జూన్‌లో పీపా 110 డాలర్లు దాటింది, ఆ డిసెంబరుకు 80 లోపుకు దిగింది. ధర ఎక్కినప్పుడు చమురు కంపెనీలు నష్టం మోశాయి, దిగాక దాన్ని రాబట్టుకున్నాయి. ఈ పద్ధతి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఎగుడుదిగుళ్ల నుంచి లారీవాణ్ని కాచిందన్నది నిజమే. కానీ ధర ఎందుకు ఆగిందో, ఎన్నాళ్ల నుంచి ఆగిందో, లోపల ఎవరి వాటా పెరిగి ఎవరిది తగ్గిందో జనానికి తెలియాలి. 2025 ఏప్రిల్‌లో ఎక్సైజు 2 రూపాయలు పెరిగింది, బంకు ధర మాత్రం మారలేదు. చివరి అంకె మాత్రమే చూపించే యాప్‌లో ఆ రోజు ఏమీ జరగలేదు. లోపల జరిగింది.

ఒకే ఊళ్లో రెండు ధరలు ఉన్న రోజులు కూడా చూశాం. 2022 మార్చిలో టోకున కొనేవాళ్లకు డీజిల్ లీటరుకు 25 రూపాయల దాకా పెరిగింది, చిల్లర ధర మాత్రం అప్పటికింకా కదలలేదు. రోడ్డు రవాణా సంస్థలు టోకు కొనుగోలుదార్లే. అప్పుడు తెలంగాణ ఆర్టీసీ బస్సులు తమ డిపోల్లో సొంత బంకులుండగా బయటి బంకుల ముందు వరస కట్టాయి. ప్రజల సంస్థ ప్రజలకన్నా ఎక్కువ ధరకు కొనాలా అన్న ప్రశ్న అప్పుడు ఊరూరా వినపడాల్సింది, అంతగా వినపడలేదు. టోకు ధరను కూడా చిల్లర ధర పక్కనే చూపించే చోటు ఉంటే వినపడేదనుకుంటాను.

ధరలు బయటపెట్టడం గురించి ఇతర దేశాల అనుభవం చాలా చెబుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2001 జనవరి నుంచి ఫ్యూయెల్‌వాచ్ నడుస్తోంది. ప్రతి బంకూ రేపటి ధరను ఇవాళ మధ్యాహ్నం రెండు గంటల లోపు ప్రభుత్వానికి చెప్పాలి. రేపు ఉదయం ఆరు నుంచి 24 గంటలు ఆ ధరకే అమ్మాలి. కాబట్టి అక్కడి మనిషికి ఇవాళ్టి ధరతో పాటు రేపటిది కూడా తెలుసు. జర్మనీలో 2013 నుంచి 14 వేలకు పైగా బంకులు ధర మార్చిన నిమిషాల్లోనే పోటీ నియంత్రణ సంస్థకు తెలపాలి. అక్కడ ఒకే బంకు ఒకే రోజులో ఎన్నోసార్లు ధర మార్చిన రోజులున్నాయి. ఆ సమాచారాన్ని ఎన్నో ప్రైవేటు యాప్‌లు జనానికి అందిస్తాయి. చిలీ కథ కొంచెం చేదు. 2012లో బంకుల ధరలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టించారు. తర్వాత ఫెర్నాండో లుకో అనే ఆర్థికవేత్త పరిశీలించి చూస్తే బంకుల లాభాలు సగటున పెరిగాయి. పక్క బంకువాడి ధర వెతకడానికి కొనేవాడికన్నా ముందు అమ్మేవాడికి ఆసక్తి ఎక్కువ కదా. జనం బాగా వెతికి చూసుకునే చోట ఆ పెరుగుదల తక్కువ.

చిలీ పాఠం మనకు నేరుగా వర్తించదు. మన దగ్గర మూడు ప్రభుత్వ కంపెనీల బంకుల ధరలు ఒకే ఊళ్లో దాదాపు ఒకటే. వీధి ఈ చివర బంకుకూ ఆ చివర బంకుకూ మధ్య బేరం చూసుకోవడానికి మనకు యాప్ అవసరం లేదు. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య, నిన్నటికీ నేటికీ మధ్య, కేంద్రం వాటాకూ రాష్ట్రం వాటాకూ మధ్య తేడా చూడడానికి అవసరం. అంటే మనకు కావలసినది కొనుగోలుదారు యాప్ కన్నా పౌరుడి యాప్.

ఎందుకంటే సరిహద్దు దాటి కొట్టించుకునే వీలు లారీకి ఉంది, అందరికీ లేదు. పలమనేరు నుంచి నంగిలి దాటి కొట్టించుకొచ్చే బండికి తేడా మిగులుతుంది. రెండెకరాల కౌలు రైతు ట్రాక్టరు దుక్కికి గంటకు ఇంతని ఇస్తాడు, కోత మిషనుకు గంటకు ఇంతని ఇస్తాడు. డీజిల్ పెరిగిన వారం గంట కిరాయి పెరుగుతుంది. డీజిల్ తగ్గిన నెల తగ్గుతుందా? తగ్గదు. 2021 దీపావళి ముందు రోజు కేంద్రం డీజిల్ మీద 10 రూపాయల సుంకం తగ్గించింది. ఆ తగ్గింపు మా వైపు దుక్కి కిరాయిలోకి వచ్చినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. ట్రాక్టరు ఓనరును తప్పుపట్టను, వాడి కిస్తీ వాడిది. కానీ ఇద్దరి ముందూ ఒక అంకె ఉంటే మాట్లాడుకోవడానికి ఒక మొదలుండేది. గంటకు ట్రాక్టరు తాగే లీటర్లు ఇద్దరికీ తెలుసు. పోయిన సీజన్లో మన ఊరి ధర, ఈ సీజన్లో మన ఊరి ధర పక్కపక్కన కనిపిస్తే మిగిలింది తీసివేత లెక్కే.

వేట పడవలవాళ్లది ఇంకో కథ. కాకినాడ రేవులో, విశాఖ హార్బరులో మెకనైజ్డ్ బోట్ల ఖర్చులో అన్నిటికన్నా పెద్దది డీజిల్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో మత్స్యకారులకు లీటరుకు ఇచ్చే సబ్సిడీని 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకు పెంచింది. అది లీటరుకు ఇంతని ఇచ్చే మొత్తం. వ్యాట్ శాతం లెక్కన వసూలవుతుంది. మూల ధర పెరిగినప్పుడల్లా పన్ను తనంతట తానే పెరుగుతుంది, సబ్సిడీ పెరగడానికి మాత్రం కొత్త జీవో రావాలి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ముగిశాక మొదటి వేటకు ట్యాంకు నింపే సరంగుకు ఈ సంగతి ఎవరైనా అంకెలతో చూపించాలి. యానాం బంకుల నుంచి పడవలకు డీజిల్ తెచ్చుకోవాలని చూసేవాళ్లను తప్పుపట్టే ముందు ఈ లెక్క చూడాలి.

రాష్ట్రాలకు ఈ పన్ను ఎందుకు ముఖ్యమో నాకు తెలుసు. జీఎస్టీ వచ్చాక వాటి చేతిలో సొంతంగా రేటు మార్చుకోగల పన్నులు కొన్నే మిగిలాయి. మద్యం, ఇంధనం అందులో పెద్దవి. ఆ డబ్బుతోనే పింఛన్లు, జీతాలు, రోడ్లు. పన్ను వద్దని నేను అనను. లీటరుకు ఎంత ఇస్తున్నామో ఇచ్చే మనిషికి బంకు దగ్గరే తెలియాలంటాను. కరెంటు బిల్లులో సుంకం విడిగా రాస్తారు. హోటల్ బిల్లులో జీఎస్టీ రెండు ముక్కలుగా రాస్తారు. డీజిల్ బిల్లు మీద లీటర్లు, రేటు, మొత్తం తప్ప ఏమీ ఉండదు. బంకుకు వెళ్లిన ప్రతిసారీ పన్ను కట్టే లారీ డ్రైవరు చేతికి తాను కట్టిన పన్ను రాసి ఉన్న కాగితం ఒక్కటీ రాదు.

చమురు కంపెనీలను, పెట్రోలియం శాఖను అడుగుతున్నాను. ప్రతి బంకు ప్రతి రోజు ధర మీ సర్వర్లలో ఉంది. 2017 జూన్ 16 నుంచి నేటి దాకా ఉన్నదంతా తేదీతో, ఊరితో, విడివిడి వాటాలతో తెరిచి పెట్టండి. హైదరాబాద్‌లో, విశాఖలో ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. మీరు తలుపు తీస్తే తెలుగులో మాట్లాడే యాప్ నెల తిరక్కుండా చేసి పెడతారు. చదవడం రాని డ్రైవరు ఊరి పేరు పలికితే ధర, పన్ను, పోయిన నెల తేడా చెవికి వినిపించే యాప్.

లారీ ఓనర్ల సంఘాలను కూడా అడుగుతున్నాను. ధర్నాలు చేయండి, చేయాల్సిందే. దానితో పాటు లోడు చీటీ మీద, ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ మీద ఒక గడి అచ్చు వేయించండి. లోడు ఎత్తిన తేదీ, ఎత్తిన ఊరి డీజిల్ ధర అందులో రాయించండి. దించే నాటికి ధర లీటరుకు రెండు రూపాయలు మించి మారితే కిరాయి ఇంత మారుతుందని కింద ఒక్క వరస. మొదట బ్రోకర్లు ఒప్పుకోరు. అన్ని సంఘాలూ ఒకే చీటీ వాడితే ఒప్పుకోక తప్పదు.

ఇది చదువుతున్న మీకు లారీ ఉండకపోవచ్చు. ఈసారి పొలానికి ట్రాక్టరో, పెళ్లికి బస్సో, ఇల్లు మారడానికి వ్యానో మాట్లాడుకునేటప్పుడు ఆ రోజు మీ ఊరి డీజిల్ ధర చూడండి. దాన్ని కిరాయి పక్కనే కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, చెరో కాపీ ఉంచుకోండి.